సందేహం చెరగని పాఠం

కడప జిల్లా కలమళ్ళ శాసనాన్ని మనకు దొరికిన తెలుగు శాసనాల్లో మొట్టమొదటిదిగా చెప్పుకుంటాం. రేనాటి చోళుడు ఎరికల్ముతురాజు ధనంజయుడి నాటిది, క్రీ.శ. 575 ప్రాంతానిది. సాహిత్య చరిత్రల్లో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆ రాజు పేరు ఎక్కడా అతుకు కనిపించకుండా అచ్చవుతుంది. రాయి దగ్గర సంగతి వేరు. మొదటి పంక్తి అరిగిపోయింది. రెండో పంక్తి ‘కల్ముతురా’ దగ్గర ఆగిపోతే ‘జు’ మూడో పంక్తిలో ఉంది. ‘ధనంజ’ మూడో పంక్తి చివర, ‘యుదు’ నాలుగో పంక్తి మొదట ఉన్నాయి. ‘రేనా’ ఒక పంక్తిలో పడితే ‘ణ్డు’ తరవాతి పంక్తిలో పడింది. పేరుకు ముందుండే ‘ఎరి’ కోసం పండితులు ఎర్రగుడిపాడు శాసనం వైపు చూడవలసి వచ్చింది. అంటే మనం ఒక్క గుక్కలో చదివే ఆ పేరులో కొంత రాయి చెప్పింది, కొంత పండితుడు కలిపింది. రెండూ నమ్మదగ్గవే కావచ్చు, కానీ రెండూ ఒకటి కావు.

ఇలాంటి పాఠాలను ఇప్పుడు కంప్యూటర్లో గుర్తులతో సహా భద్రపరుస్తున్నారు. ఏ అక్షరం స్పష్టంగా ఉంది, ఏది అరిగింది, దేన్ని పరిష్కర్త పూరించాడు, ఎక్కడ పంక్తి విరిగింది అన్న వివరాలన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. వివరాలు ఎక్కువయ్యేకొద్దీ ఆ ఫైలు మామూలు పాఠకుడికి కొరుకుడు పడదు. దాన్ని వెబ్ పేజీగానో, పీడీఎఫ్‌గానో, ఫోన్లో చదువుకునే ఈ-పుస్తకంగానో మార్చాలి. ఈ మార్పిడిని చాలామంది అచ్చాఫీసు పనిగా, పండితుడి పని ముగిశాక సాంకేతిక నిపుణులకు అప్పగించే చివరి తంతుగా చూస్తారు. అది సరికాదన్నదే ఈ అధ్యాయంలో నా వాదన. మార్పిడిలో వాడే ప్రతి నియమం వెనకా పాఠం గురించిన ఒక తీర్పు ఉంటుంది. కాబట్టి మార్పిడి కూడా పరిష్కరణలో భాగమే. ఆ నియమాలను పరిష్కర్త తన బాధ్యతగా నిర్ణయించి, రాసి, పాఠంతోపాటే ప్రకటించాలి.

గుర్తుల వెనక ఉన్న అవసరం

తనకు తెలిసినదాన్నీ తాను ఊహించినదాన్నీ విడివిడిగా చూపాలన్న పట్టుదల కంప్యూటర్ల కంటే చాలా పాతది. గ్రీకు, లాటిన్ శాసనాలనూ పపైరస్ పత్రాలనూ పరిష్కరించే పండితులు 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కూర్చుని కొన్ని గుర్తుల మీద ఒప్పందానికి వచ్చారు. పోయిన అక్షరాలను పరిష్కర్త పూరిస్తే వాటిని చదరపు కుండలీకరణంలో పెట్టాలి. లేఖకుడు కుదించి రాసిన మాటను విడమరిస్తే ఆ చేర్పు గుండ్రటి కుండలీకరణంలో ఉండాలి. సరిగా ఆనని అక్షరం కింద చుక్క పెట్టాలి. మన దేశంలోనూ ఇదే శ్రద్ధ కనిపిస్తుంది. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ప్రతిలో, పరిష్కర్తలు పూర్తిగా నిశ్చయించుకోలేని పాఠం కింద అలల గీత గీశారు. విష్ణు సీతారాం సుఖ్తంకర్ నడిపిన ఆ బృందం వందలాది వ్రాతప్రతులను పోల్చి ఒక పాఠాన్ని స్థిరపరిచింది. అయినా ఎక్కడ తమకు అనుమానం మిగిలిందో పాఠకుడికి దాచకుండా చెప్పింది. ఆ అలల గీత చిన్నదే అయినా ఆ పరిష్కరణ నిజాయితీ అంతా దానిలో ఉంది.

అచ్చు గుర్తులకు ఒక ఇబ్బంది ఉంది. గుర్తు ఆకారం కనబడుతుంది గాని దాని అర్థం పుస్తకాన్ని బట్టి మారుతుంది. లైడెన్ పద్ధతిలో చదరపు కుండలీకరణం అంటే పూర్తిగా పోయిన చోట పరిష్కర్త పూరించినది. మన శాసన సంపుటాల్లో అదే కుండలీకరణాన్ని సరిగా కనబడని అక్షరానికి వాడడం కద్దు. పీఠిక చదివిన మనిషికి తేడా తెలుస్తుంది. లక్షల పుటల్లో వెతికే యంత్రానికి ఆ పీఠిక లేదు. ఈ చిక్కును తీర్చడానికే 1987 నవంబరులో అమెరికాలోని వాసర్ కళాశాలలో కొందరు పండితులు, కంప్యూటర్ నిపుణులు సమావేశమయ్యారు. అక్కడ పుట్టిన టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ ఇవాళ టీఈఐగా ప్రసిద్ధం. దాని మార్గదర్శకాల్లో ఇప్పుడు వాడుకలో ఉన్న పీ5 రూపం 2007లో వచ్చింది. టీఈఐ చేసిన పని చెప్పడానికి సులువు, ఆచరణలో లోతైనది. గుర్తు ఎలా కనబడాలన్నది పక్కనబెట్టి, దాని అర్థానికి ఒక పేరు పెట్టింది. ‘ఇది పూరించినది, కారణం శిథిలం’ అని ఒక ట్యాగు చెబితే, ‘ఇక్కడ మూడు అక్షరాలు పోయాయి’ అని మరొకటి చెబుతుంది. వీటిని శాసనాలకు సరిపడేలా మలిచిన పద్ధతి పేరు ఎపిడాక్. అమరావతి, నాగార్జునకొండ మొదలైన చోట్ల దొరికిన ప్రాకృత, సంస్కృత శాసనాలను ‘ఎర్లీ ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ ఆంధ్రదేశ’ అన్న పేరుతో ఒక అంతర్జాతీయ పండిత బృందం ఈ పద్ధతిలోనే గుర్తులు పెట్టి అందరికీ అందుబాటులోకి తెచ్చింది. కాబట్టి ఇది ఎక్కడో యూరప్‌కు చెందిన చర్చ మాత్రమే కాదు, కృష్ణాతీరపు రాళ్ళకూ సంబంధించినదే.

ట్యాగులు తీసేస్తే ఏమవుతుంది

ఇలా సిద్ధమైన ఫైలును చదివించాలంటే ట్యాగులన్నీ తీసేసి మిగిలిన అక్షరాలు చూపిస్తే చాలుకదా అనిపిస్తుంది. అలా చేస్తే ఏం మిగులుతుందో కలమళ్ళ పాఠం మీదే పరీక్షించవచ్చు. రాతిమీద ‘ధనంజయుదు’ అని ఉంది. మనకు పరిచితమైన రూపం ‘ధనంజయుడు’. పరిష్కర్త టీఈఐలో రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఒకటి రాతి మీద ఉన్నదనీ రెండోది పాఠకుడి సౌకర్యానికి ఇచ్చినదనీ గుర్తు పెడతాడు. ట్యాగులు ఊడబీకితే ‘ధనంజయుదుధనంజయుడు’ అని ఏ శాసనంలోనూ లేని మాట పుడుతుంది. పాఠాంతరాలు ఇచ్చిన కావ్యంలో అయితే ఇంకా ఘోరం. నాలుగు వ్రాతప్రతుల్లోని నాలుగు పాఠాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పద్యపాదంలో కూచుంటాయి, గణాలు చెడతాయి, అర్థం చెడుతుంది. కనక ఏదో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. ఎంచుకోవడమంటే తీర్పు చెప్పడమే.

‘యుదు’ విషయంలో తీర్పు అంతకన్నా ముందే మొదలవుతుంది. దాన్ని లిపికారుడి పొరపాటుగా గుర్తించాలా, ఆ కాలపు రూపంగా గుర్తించాలా? టీఈఐలో ఈ రెండింటికీ వేరువేరు ట్యాగులున్నాయి. పొరపాటుకు దిద్దుబాటు జతచేసేది ఒకటి, పాత రూపానికి నేటి రూపం జతచేసేది ఇంకొకటి. రెండు సందర్భాల్లోనూ ‘ధనంజయుడు’ అనే చూపించమని నియమం రాస్తే, భాషా చరిత్ర విద్యార్థికి కావలసిన తేడా చదివే రూపంలో కనుమరుగవుతుంది. దిద్దుబాట్లను చూపించి, పాత రూపాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచమని నియమం రాస్తే ఆ తేడా నిలుస్తుంది. మూల ఫైలు ఒకటే అయినా, పాఠకుడికి అందే శాసనం నియమాన్ని బట్టి మారిపోయింది.

పంక్తి విరుపు ఇంకా సూక్ష్మమైన చోటు. కొత్త పంక్తి మొదలైందని చెప్పే ట్యాగులో, ఈ విరుపు మాట మధ్యలో పడిందని చెప్పే లక్షణం ఒకటి ఉంటుంది. మార్పిడి చేసేవాడు దాన్ని గమనించకుండా ప్రతి విరుపునూ ఖాళీగా మారిస్తే, ‘రేనా ణ్డు’ అని రెండు ముక్కలు వస్తాయి. కంటితో చదివేవాడు సర్దుకుంటాడు. ‘రేనాణ్డు’ అన్న ప్రాంతం పేరును శాసన సంపుటాలన్నిటిలో వెతికే పరిశోధకుడికి మాత్రం, ఆ పేరు తొలిసారి కనిపించే శాసనాల్లో ఒకటైన ఇది దొరకదు. దొరకలేదన్న సంగతి కూడా అతనికి తెలియదు. గ్రంథపాతం సంగతి దీనికి తలకిందులు. పోయిన అక్షరాల చోటును చెప్పే ట్యాగు లోపల అక్షరాలేమీ ఉండవు. ట్యాగు తీసేస్తే ఖాళీ కూడా పోయి, దానికి అటూ ఇటూ ఉన్న అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రాతిమీద ఎన్నడూ పక్కపక్కన లేని అక్షరాలు కలిసి ఒక్కోసారి అర్థమున్న మాటే ఏర్పడవచ్చు. అక్షరాలు పోయిన చోట కొత్త మాట పుట్టించడం కంటే పెద్ద అపచారం శాసన పరిష్కరణలో మరొకటి లేదు. ఇక్కడ ఆ పని చేసింది పండితుడు కాదు, ఎవరూ ఆలోచించి రాయని ఒక నియమం.

తెలుగు లిపిలోకి వచ్చేసరికి

మన శాసనాల విషయంలో ఇంకో మెట్టు ఉంది. భారతీయ శాసనాలను అంతర్జాతీయ ప్రాజెక్టుల్లో సాధారణంగా చుక్కలు, గీతలు చేర్చిన రోమన్ లిపిలో ఎక్కిస్తారు. అందులో హల్లు వేరు, అచ్చు వేరు. ‘ధర్మ’ అన్న మాటలో మకారం ఒక్కటే అరిగిందనుకుందాం, రోమన్‌లో ఆ ఒక్క వర్ణం కింద చుక్క పెడితే సరిపోతుంది. తెలుగులో ‘ర్మ’ ఒకే అక్షరం, మకారం దాని కింద ఒత్తుగా ఉంటుంది. మార్పిడి నియమం యాంత్రికంగా మకారానికి కుండలీకరణం తగిలిస్తే తెరమీద ‘ధర్[మ]’ అని పడుతుంది. పొల్లు రకారం బయటికొచ్చి, ఒత్తు విడిపోయి పూర్తి అక్షరమై కూచుంటుంది. చదివేవాడికి రాతిమీద అలాగే రెండు విడి అక్షరాలు ఉన్నాయేమో అనిపిస్తుంది. అక్షరమంతటినీ కుండలీకరణంలో పెట్టి ‘ధ[ర్మ]’ అంటే రూపం చక్కగా ఉంటుంది, కానీ స్పష్టంగా ఉన్న రకారం కూడా అనుమానాస్పదమైపోతుంది. ఒత్తును లేత రంగులో చూపడం మూడో దారి. దానికి తగిన ఫాంటు, బ్రౌజరు కలిసిరావాలి, నలుపు తెలుపు ప్రింటులో ఆ తేడా నిలవకపోవచ్చు. ఏ దారి పట్టినా ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవచ్చో చెప్పగలిగినవాడు లిపి తెలిసిన పరిష్కర్తే.

అచ్చుల దగ్గర చిక్కు ఇంకా లోతైనది. సంస్కృతానికి వాడే ఐఏఎస్‌టీ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమాలలోని ఐదో అక్షరాన్ని ఏ గుర్తూ లేకుండా రాస్తే అది దీర్ఘమైన ‘ఏ’. సంస్కృతంలో హ్రస్వ ‘ఎ’ లేదు గనక అక్కడ గుర్తు అవసరం లేదు. అన్ని భారతీయ లిపులకూ పనికొచ్చేలా 2001లో వచ్చిన ఐఎస్ఓ 15919 పద్ధతిలో అదే అక్షరం హ్రస్వ ‘ఎ’, దీర్ఘానికి పైన గీత ఉండాలి. ఫైలు ఏ పద్ధతిలో ఉందో, ఏ భాగం ఏ భాషలో ఉందో చూడకుండా మార్చేస్తే ‘దేవ’ కాస్తా ‘దెవ’ అవుతుంది. సంస్కృత ప్రశస్తితో మొదలై తెలుగులోకి దిగే శాసనాలు మనకు ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట భాష మారిన ప్రతిసారీ ఆ సంగతి ఫైల్లో గుర్తుపెట్టి ఉండాలి, మార్పిడి నియమం దాన్ని చూడాలి. దీనికితోడు తొలినాటి తెలుగు-కన్నడ లిపిలో ‘ఎ’, ‘ఏ’లకూ ‘ఒ’, ‘ఓ’లకూ తేడా క్రమంగా చూపేవారు కాదు. రాతిమీద ఉన్నది ఒకే గుర్తు. దాన్ని నేటి లిపిలోకి మార్చాలంటే హ్రస్వమో దీర్ఘమో తేల్చి తీరాలి, మధ్యస్థంగా చూపే అక్షరం మనకు లేదు. అందువల్ల ప్రాచీన శాసనాన్ని తెలుగు లిపిలో చదివించే ప్రతి పుట, ఆ మాటను ఎలా పలికేవారన్న ప్రశ్నకు ఒక జవాబు. జవాబు చెప్పడం తప్పు కాదు. అది జవాబన్న సంగతి దాచడం తప్పు.

నియమాలను బయటపెట్టడం

మరి బాధ్యతగా మార్చడమంటే ఏమిటి? మొదటిది, మూల ఫైలును ముట్టుకోకుండా మార్పిడి నియమాలను విడిగా రాయడం. 1999లో ప్రమాణంగా వచ్చిన ఎక్స్ఎస్ఎల్‌టీ అనే భాష ఈ పనికోసమే పుట్టింది. ‘పూరించిన పాఠం ఎదురైతే చదరపు కుండలీకరణంలో పెట్టు’, ‘మాట మధ్య పంక్తి విరిగితే ఖాళీ వదలకు’ వంటి ఆజ్ఞలు అందులో ఒక్కొక్కటిగా ఉంటాయి. ఒకే మూలానికి నాలుగు రకాల నియమావళులు రాస్తే నాలుగు పాఠాలు వస్తాయి. శాసన పండితుడికి పంక్తులు, చుక్కలు, కుండలీకరణాలతో ఒకటి, విద్యార్థికి విడమరచిన మాటలతో, క్లుప్తమైన వివరణలతో ఒకటి, శోధనకు పదాలన్నీ కలిపి ఒకటి, వినేవారికి ఒకటి. చివరిది తేలిగ్గా తీసుకోవలసింది కాదు. చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్, కుండలీకరణాన్ని చాలాసార్లు పలకకుండా దాటేస్తుంది. అచ్చు పుటను స్కాన్ చేసి ఇస్తే అతనికి పూరించిన పాఠానికీ ఉన్న పాఠానికీ తేడా ఎప్పటికీ తెలియదు. అర్థానికి పేరుపెట్టిన మూలం ఉంటే, ‘ఇక్కడ మూడు అక్షరాలు పోయాయి’ అని గొంతుతో చెప్పించవచ్చు.

రెండోది, ఆ నియమాలను కూడా పాఠంలాగే ప్రకటించడం. టీఈఐ సమాజమే ఈ అవసరాన్ని గుర్తించి, 2016లో తన మార్గదర్శకాల్లో ఒక కొత్త ఏర్పాటు చేర్చింది. ఏ ట్యాగును ఏ సందర్భంలో ఎలా చూపాలో పరిష్కర్తే ప్రాజెక్టు లక్షణ పత్రంలో రాసి పెట్టవచ్చు. ప్రోగ్రామరు ఆ మాట ప్రకారం నడుచుకుంటాడు. ఏది ఎలా కనబడాలన్నది గుర్తులు పెట్టినవారే నిర్ణయిస్తారు. పదేళ్ళ తరవాత ఆ వెబ్‌సైటు మూతపడ్డా, మూలమూ నియమాలూ ఉంటే మరొకరు అదే పాఠాన్ని అదే ఉద్దేశంతో మళ్ళీ నిలబెట్టగలరు.

అభ్యంతరాలు, సమాధానాలు

సామాన్య పాఠకుడికి ఇదంతా ఎందుకన్నది మొదటి అభ్యంతరం. వేమన పద్యం చదివేవాడికి పద్యం కావాలి గాని పాఠాంతరాల పట్టిక కాదు. నిజమే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చువేసినప్పుడు, ఒక్కో ప్రతిలో ఒక్కో వరసలో ఉన్న పద్యాలను ఏరి, విషయాన్ని బట్టి కూర్చాడు. అలా చేయకపోతే ఆ పుస్తకం చదవదగినది అయ్యేది కాదు. కాబట్టి చదివించడం కోసం ఎంపిక చేయడాన్ని నేను తప్పుపట్టను. అన్నీ చూపితే ఎవరూ చదవరు, ఎవరూ చదవని పరిష్కరణ వల్ల ప్రయోజనం లేదు. నేను కోరేది ఆ ఎంపికకు ఒక ఆనవాలు ఉండాలని. అచ్చుపుస్తకంలో సాదా పాఠం ఇస్తే సందేహం మిగిలిన చోట్లన్నీ అదృశ్యమవుతాయి. కంప్యూటర్లో ఆ బలవంతం లేదు. పుట శుభ్రంగానే ఉంచి, అనుమానమున్న మాట కింద సన్నటి గీత పెట్టి, తాకితే వివరం తెరుచుకునేలా చేయవచ్చు. అక్కర్లేనివాడు తాకడు. కావలసినవాడు గ్రంథాలయానికి పోనక్కర్లేదు.

యూనికోడ్‌లో సాదా అక్షరాలుగా ఎక్కిస్తే చాలదా అన్నది రెండోది. తెలుగువారు ఈ వాదనను సానుభూతితో వినడానికి కారణముంది. ఫాంటు ఉంటేనే చదవగలిగే పాత ఫైళ్ళలో మన సాహిత్యం ఎంతో చిక్కుకుపోయింది. ఆ ఫైళ్ళను వేరే కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడేవి. యూనికోడ్ ఆ చెర విడిపించింది. కానీ యూనికోడ్ ఏ అక్షరమో చెబుతుంది గాని, ఆ అక్షరం మీద మనకెంత నమ్మకమో చెప్పదు. సుఖ్తంకర్ బృందం నిర్ణయించిన శ్లోకాన్ని ఉత్త అక్షరాలుగా ఎక్కిస్తే, ఆ అలల గీతకు అందులో చోటు లేదు. పాత ఫైళ్ళ అనుభవం నేర్పిన పాఠం నిజానికి నా వాదనకే బలం. కనబడే రూపాన్నీ అర్థాన్నీ ఒకే ముద్దగా కలిపేస్తే రూపంతోపాటు అర్థమూ పోతుంది.

కృత్రిమ మేధ ఉండగా ఈ శ్రమ ఎందుకన్నది మూడోది, ఇప్పుడు ఎక్కువగా వినిపించేది. యంత్రాలు పాత అచ్చును చదవగలవు, ట్యాగులు పెట్టడంలో సాయం చేయగలవు, నియమాలు రాయడాన్ని తేలిక చేయగలవు. ఆ సాయం తీసుకోవాలి. కానీ ఇలాంటి యంత్రానికి సహజంగా అలవాటైన పని, ఖాళీని నమ్మశక్యమైన మాటతో నింపి సాఫీగా చదివించడం. శాసన పరిష్కరణ యావత్తూ ఏ ప్రమాదానికి కాపలా కాస్తోందో అది సరిగ్గా అదే. యంత్రం పూరించినదాన్ని కూడా పూరించినదిగానే, ఎవరు పూరించారో చెబుతూ గుర్తుపెట్టే మూలం ఉంటేనే ఆ సాయం మేలు చేస్తుంది. పనిముట్టు ఎంత చురుకైనదైతే గుర్తుల అవసరం అంత పెరుగుతుంది.

చివరిది మన పరిస్థితికి సంబంధించినది. తెలుగులో తాళపత్రాలు పట్టికలకే ఎక్కని స్థితిలో ఇంత సూక్ష్మంగా గుర్తులు పెట్టే తీరిక, డబ్బు ఎక్కడివి? ఇది బరువున్న ప్రశ్న. అన్నిటికీ అన్ని గుర్తులూ పెట్టాలనడం అన్యాయం. టీఈఐ అలా అడగదు కూడా. పోయిన చోటు, పూరించిన చోటు, స్పష్టంగా లేని చోటు, పంక్తి విరుపు, భాష మారిన చోటు అన్న అయిదింటిని నిజాయితీగా గుర్తిస్తే చాలు, శాసనం విషయంలో పైన చెప్పిన తప్పుల్లో చాలా భాగం తప్పుతాయి. మిగతావి తరవాతి తరం చేర్చుకోగలదు, ఎందుకంటే మొదటివారు దేన్నీ చెరపలేదు. చౌకగా, తొందరగా చేసిన సాదా పాఠానికి ఆ అవకాశం ఉండదు. దాన్ని బాగుచేయాలంటే మళ్ళీ రాయి దగ్గరికో తాళపత్రం దగ్గరికో పోవాలి, అప్పటికి అవి ఉంటాయన్న భరోసా లేదు.

అందువల్ల తెలుగు శాసనాలనూ కావ్యాలనూ కంప్యూటర్లోకి తేవడానికి పూనుకునే విశ్వవిద్యాలయాలు, అకాడమీలు, స్వచ్ఛంద బృందాలు పని ఒప్పుకునే ముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. గుర్తులున్న మూల ఫైలును అందరికీ ఇవ్వాలి. దాన్ని చదివే రూపంలోకి మార్చిన నియమాలను దానితోపాటే ఇవ్వాలి. చదివే ప్రతి రూపం మీదా అది ఏ మూలం నుంచి, ఏ నియమాలతో, ఎవరి బాధ్యతతో వచ్చిందో రాయాలి. వీటికయ్యే ఖర్చు మొత్తం పనిలో చిన్న భాగమే. పాఠకుడికి మాత్రం దీనివల్ల ఒక హక్కు దక్కుతుంది. తాను చదువుతున్నదాన్ని ఎంతవరకు నమ్మవచ్చో అడగగలడు, అడిగితే జవాబు అదే పుటలో దొరుకుతుంది. పండితుల గుంపుకే పరిమితమై ఉన్న ఆ హక్కును చదవగలిగిన ప్రతివారికీ ఇవ్వడమే ఈ మార్పిడి పని లక్ష్యం కావాలి.